తాళం వేసిన జరీదా

సిరిగట్టు గ్రంథాలయంలో మూడు అల్మారాలు ఉండేవి. రెండింటికి తలుపులు సరిగ్గా పడేవి కావు. మూడోదానికి మాత్రం గట్టి తాళం పడేది. దాని చెవి గ్రంథపాలకుడు పర్శరాములు మొలతాడుకు వేలాడుతుండేది. ఆ అల్మారాలో ఏముందని ఊళ్లో ఎవరినడిగినా ఒకటే జవాబు: "గా అల్మారాల సర్కారు ఉంటది."

ఉన్నది సర్కారు గెజిట్లు. నిజాం కాలంలో వాటిని జరీదా అనేవాళ్లు. రాజ్యం మారి, హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినా పర్శరాములు నోట ఆ మాట మారలేదు. ఆయన నోట మారలేదు గనక ఊరి నోటా మారలేదు. జరీదా టపాలో కట్టగా వచ్చేది. పెద్ద పెద్ద కాగితాలు, నాలుగు మడతలు, అంచులు కోయకుండా అట్లాగే ఉండేవి. పర్శరాములు కట్టను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకునేవాడు. తారీఖు వరుసన పేర్చి, తాళం వేసి, లాగి చూసేవాడు. దసరాకు సాలెలు మగ్గాలకు పూజ చేసుకుంటే ఈయన ఈ అల్మారాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. కథల పుస్తకాలున్న అల్మారాలకు తలా ఒక బంతిపువ్వు దక్కేది, అంతే.

"సర్కారు కాయితమంటె గట్ల సూసుకోవాలె" అని పెద్దలు మెచ్చుకునేవాళ్లు.

అసలు సంగతి వేరు. జరీదా మొదటి పేజీ ఇంగ్లీషులో ఉండేది. పర్శరాములు చదివింది ఉర్దూలో ఏడో తరగతి. తెలుగు తనంతట తాను నేర్చుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటి విడిగా కనబడితే గుర్తుపడతాడు, నాలుగు కలిసి వస్తే గుర్తుపట్టడు. అదేం నేరం కాదు. ఆ కాలంలో ఆ తాలూకాలో ఇంగ్లీషు వచ్చినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కానీ ఊరంతా "లైబ్రరీ సారు" అని చేతులెత్తే మనిషికి "నాకు రాదు" అనడానికి నోరు రాలేదు. అందుకని "ముట్టుకోవద్దు" అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటుకే పసుపూ కుంకుమా పెట్టాడు.

ఆయనను పనికిమాలినవాడనుకుంటే మాత్రం పొరపాటు. చిన్నతనంలో, తెలుగు పేపరు చేతిలో కనబడితేనే అనుమానంగా చూసే రోజుల్లో, తండ్రి మగ్గం గుంట పక్కన కూచుని దొంగచాటుగా పేపరు చదివి వినిపించేవాడు. నేతగాళ్లు వింటూ నేసేవాళ్లు. కథ రసపట్టులో పడితే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆగిపోయేది. పోలీసు చర్య అయ్యాక ఊళ్లో గ్రంథాలయం పెడదామన్నప్పుడు ఎవరిని పెట్టాలన్న చర్చే రాలేదు. ఒకప్పుడు సరుకుల మీద సుంకం వసూలు చేసిన పాత నాకా గదిని అడిగి తీసుకుని, సున్నం వేయించి, వాకిట్లో బోర్డు తన చేత్తోనే రాశాడు: "అందరికీ ప్రవేశం ఉచితం." చూపు ఆనని ముసలివాళ్లకు పేపరు చదివిపెట్టేవాడు. పట్నంలో ఉన్న కొడుకులకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. మంచివాడే. మంచివాళ్లకు కూడా ఒక మూల ఉంటుంది, అక్కడికి ఎవర్నీ రానివ్వరు. పర్శరాములుకు ఆ మూల మూడో అల్మారా.

ఆ తాళానికి బలైన మనిషి పేరు మగ్దలేనమ్మ.

ఊరి చివర మిషను గుడి చుట్టూ ఉన్న ఇళ్లలో ఆశీర్వాదం అనే కూలీ కూతురు ఆమె. మిషను బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదివింది. తర్వాత మిషను దవాఖానలో దొరసాని నర్సుకు తోడుగా ఉండి కత్తెరలు మరగబెట్టింది, కాన్పులు చూసింది, నాలుగేళ్లు పోయేసరికి తానే కాన్పులు చేసింది. దొరసాని వయసు మీదపడి సీమకు వెళ్లిపోయింది. దవాఖాన మూతపడింది. మగ్దలేనమ్మ చేతిలో పని మిగిలింది, పనికి కాగితం లేదు. ఊరి మంత్రసాని చేతులెత్తేసినప్పుడే ఆమెకు కబురు వచ్చేది. బిడ్డ బతికితే దేవుడి దయ. ఏదన్నా తేడా వస్తే "నువ్వేమన్న సర్కారు నర్సమ్మవా?" అని ఆమె మీద పడేవాళ్లు. అట్లా రెండుసార్లు అయింది. రెండోసారి ఆశీర్వాదాన్ని కొట్టబోయారు కూడా.

జిల్లాలో సర్కారు మంత్రసాని శిక్షణ ఉంటుందని, ఎనిమిది పాసైన ఆడపిల్లలను తీసుకుంటారని వెళ్లేముందు దొరసానే చెప్పింది. వయసుకో హద్దు ఉంటుందని కూడా చెప్పింది. మగ్దలేనమ్మకు ఆ హద్దు ఆ ఏడాదితో సరి. అందుకని బేస్తవారం అంగడికి వచ్చినప్పుడల్లా గ్రంథాలయం మెట్టు దగ్గర ఆగేది. మెట్టు ఎక్కేది కాదు. గుడి దగ్గరి ఇళ్లవాళ్లు ఎవరూ ఎన్నడూ ఎక్కలేదు. పర్శరాములు రావద్దని ఎన్నడూ అనలేదు. రమ్మనీ అనలేదు. నెత్తిమీద బోర్డు మాత్రం ఉండేది, దాన్ని ఆమె వచ్చినప్పుడల్లా చదువుకునేది.

"సారూ, నర్సమ్మల ట్రైనింగు కాయితం ఏమన్న వచ్చిందా?"

"రాలే బిడ్డా. వస్తె నీకు గాక ఇంకెవలికి చెప్త?"

"జర యాదికుంచుకోండ్రి సారూ. గీ యేడు దాటితె నాకు మల్ల ఉండది."

"ఫికర్ చెయ్యకు."

ఈ మాటలన్నీ ఆయన పేపరు మీదినుంచి కళ్లెత్తకుండానే అనేవాడు. అల్మారా మాత్రం తెరిచేవాడు కాదు.

ఒక బేస్తవారం ఆమె వచ్చేసరికి కట్ట అప్పుడే టపాలో వచ్చి బల్లమీద ఉంది. మగ్దలేనమ్మ మెట్టు కింద నుంచే వేలు చూపింది. "సారూ, గండ్ల ఉన్నదేమో జర ఇప్పి చూస్తరా?"

పర్శరాములు జేబురుమాలు తీసి అద్దాలు తుడుచుకున్నాడు. "గది గట్ల అడ్డగోలుగ ఇప్పేది గాదు బిడ్డా. సర్కారు కాయితం. గండ్ల అన్ని పెద్ద పెద్ద హుకుములుంటయి, మనసొంటోళ్లయి ఉండయి." అని, కట్టను కళ్లకద్దుకుని, ఆమె చూస్తుండగానే లోపల పెట్టి తాళం వేశాడు.

"మంచిది సారూ" అని ఆమె గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

బతుకమ్మ పండుగ దాటాక కరీంనగరంలో గ్రంథపాలకులకు వారం రోజుల శిక్షణ పెట్టారు. సర్కారు సమాచారాన్ని జనానికి ఎట్లా చేర్చాలి అన్నది పాఠం. చెప్పడానికి హైదరాబాదు నుంచి సుభద్రాదేవి అనే ఆవిడ వచ్చింది. కృష్ణాజిల్లా మనిషి, సన్నంగా, తెల్లచీరలో, గట్టి గొంతుతో ఉంటుంది. మొదటిరోజే అందర్నీ నిలబెట్టి ఒకటే అడిగింది.

"మీ దగ్గరికి గెజిట్ వస్తుంది కదండీ. దాన్ని ఏం చేస్తున్నారు?"

ధర్మపురి దిక్కు నుంచి వచ్చిన మొండయ్య లేచి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఏం జేస్తమమ్మా? పక్కన బటానీలమ్మేటాయన అడుగుతె ఇస్త. పొట్లాలకు పనికొస్తయి."

అందరూ గొల్లున నవ్వారు. సుభద్రాదేవి నవ్వలేదు. ఆమె మొహం చిన్నబోయింది. "అందులో మీ ఊరివాళ్ల బతుకు ఉండొచ్చు కదండీ" అంది మెల్లగా.

తర్వాత వంతు పర్శరాములుది. లేచేటప్పుడు ఆయనకు అబద్ధం చెప్పాలన్న తలంపు లేదు. "అల్మారాల పెట్టి తాళమేస్త" అని చెప్దామనుకున్నాడు. కానీ ఆ నవ్వు ఇంకా గదిలో ఉంది. ఆవిడ మొహం అట్లాగే చిన్నబోయి ఉంది. తనను కూడా పొట్లాలవాడి పక్కన కట్టేస్తారు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేను బేస్తారం బేస్తారం చదివి ఇనిపిస్తనమ్మా."

"ఎవరికి?"

"ఊరోళ్లకు. అంగడి దినం గద, జనముంటరు. అందరిని కూసోబెట్టి, ఎవలికి పనికొచ్చేది వాళ్లకు ఇడమర్చి చెప్త."

సుభద్రాదేవి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఇంకో నాలుగు ముక్కలు కలిపాడు పర్శరాములు. ఎవరికి ఏం కావాలో ముందే అడిగి పెట్టుకుంటానన్నాడు. ముఖ్యమైనవి వాకిట్లో అతికిస్తానన్నాడు. ఆడవాళ్లు కూడా వస్తారన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మెట్టు దగ్గరి గంప ఒక్క క్షణం కళ్లముందు మెదిలింది, ఆయన దాన్ని పక్కకు తోశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మొండయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు.

"చూశారా! ఎవరూ చెప్పకుండానే ఈయన చేస్తున్నారు" అంది సుభద్రాదేవి. "నేను పుస్తకంలో చూసి చెప్పడం కాదు, మీరంతా కళ్లారా చూడాలి. శిక్షణ అయ్యాక వచ్చే గురువారం అందరం సిరిగట్టు వెళదాం. ఏమంటారు పర్శరాములు గారూ?"

ఏమంటాడు? చేతులు జోడించాడు.

ఆ పూట అన్నాల దగ్గర మొండయ్య పక్కకు జరిగి అడిగాడు: "అన్నా, నువ్వు ఇంగ్లీషు ఎన్నడు నేర్చుకున్నవే?" పర్శరాములుకు ముద్ద అడ్డం పడింది. నీళ్లు తాగి, "జర జర వస్తది" అన్నాడు.

ఊరికి వచ్చి భార్య చంద్రవ్వకు సంగతి చెప్పాడు, జరీదా చదివితే వినడానికి హైదరాబాదు అమ్మ వస్తోందని మాత్రమే. చంద్రవ్వ నూలు కండెలు చుడుతూ అంతా విన్నది.

"గండ్ల ఏమున్నదో నీకే తెల్వదు. ఊరికేం ఇనిపిస్తవయ్యా?" అంది.

పర్శరాములు బిత్తరపోయాడు. "నీకెవలు చెప్పిండ్రు?"

"ఒకలు చెప్పాల్నా? గిన్నేండ్ల సంది సంసారం జేస్తున్న. ఇంగ్లీషు కాయితం చేతికొస్తె నువ్వు అద్దాలు తుడుస్తవు."

ఇన్నేళ్లూ లోకం కళ్లు కప్పాననుకున్నాడు పాపం. ఇంట్లోనే కప్పలేకపోయాడు. చంద్రవ్వ ఇంకేం అనలేదు, పోగులు కోసే కత్తి ఆయన ముందు పెట్టింది. "ముందుగాల గా అంచులన్న కొయ్యిపో. కోయని కాయితం చదివిన్నంటె చిన్నపోరగాండ్లు గూడ నవ్వుతరు."

ఐతవారం మధ్యాహ్నం గ్రంథాలయం తలుపులు దగ్గరికి వేసుకుని పర్శరాములు తాళం తీశాడు. పైన ఉన్న జరీదా తీసి కత్తితో అంచు కోశాడు. మొదటి పేజీ ఇంగ్లీషు. రెండోదీ ఇంగ్లీషే. మడత విప్పాడు. లోపలి పేజీలు తెలుగు.

మొదట ఆయనకు అర్థం కాలేదు. తలకిందులుగా పట్టుకున్నానేమో అన్నట్టు తిప్పి చూశాడు. గుండ్రటి తెలుగక్షరాలు, పొద్దున పేపర్లో చదివేవే. ఇంకోటి కోశాడు. ముందు ఇంగ్లీషు, వెనక తెలుగు. ఇంకోటి కోశాడు. కోసిందల్లా అంతే. పాతవి కొన్ని మాత్రం అంతా ఇంగ్లీషు, మిగతావన్నీ సగం తెలుగే. నేతగాళ్ల సంఘానికి నూలు ఎట్లా అడగాలో తెలుగులో ఉంది. చెరువు నీళ్లు తగ్గితే తేలే శిఖం భూమి మీద అభ్యంతరాలుంటే ఎక్కడ చెప్పుకోవాలో తెలుగులో ఉంది. బడిపంతుళ్ల శిక్షణ, పశువుల మందులు, బావులకు అప్పులు, అన్నీ తెలుగులో, ఎవరికైనా అర్థమయ్యే తెలుగులో ఉన్నాయి. తనకు రాదని దాచిపెట్టినదంతా తనకు వచ్చినదే.

పర్శరాములు కత్తి కింద పెట్టి నేలమీద కూలబడ్డాడు.  గదిలో ఎవరూ లేరు, అయినా ఎవరో చూస్తున్నట్టు తల దించుకున్నాడు. అప్పుడు ఒళ్లోని కాగితం మీద ఒక మాట కనబడింది. మంత్రసాని శిక్షణ. కరీంనగరం జిల్లా. ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణులైన స్త్రీలు. దరఖాస్తులు పంపవలసిన ఆఖరు తేదీ.

ఆ తేదీ దాటి పదిహేను రోజులైంది.

కట్టకు చుట్టిన అట్టమీద టపా ముద్ర చూశాడు. చూడకముందే తెలుసు. మెట్టు కింద నుంచి మగ్దలేనమ్మ వేలు చూపిన కట్ట అది. ఆమె చూస్తుండగా, కళ్లకద్దుకుని, తాళం వేసిన కట్ట. ఆ తర్వాత కూడా నాలుగు బేస్తవారాలు ఆమె వచ్చి అడిగింది. నాలుగుసార్లూ "రాలే" అన్నాడు. సిగ్గు అంటే ఏమిటో ఆయనకు అంతవరకు తెలియదనే చెప్పాలి. ఇంగ్లీషు రాదన్నది సిగ్గనుకుని దాన్ని ఇన్నేళ్లు మోశాడు. ఇది వేరు. లేచి బయటికి పోయి ఉమ్మి వచ్చాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు కరీంనగరం పోయాడు. దవాఖానల కచేరీలో గుమాస్తా మర్యాదస్తుడు, కూచోమన్నాడు, కాగితం చూశాడు.

"గడువు అయిపోయింది గదండి. ఈసారి దరఖాస్తులు తక్కువనే వచ్చినయి. అప్పుడు పంపుంటే తప్పక దొరుకుతుండె. ఇప్పుడు జాబితా హైదరాబాద్ పోయింది, మా చేతుల లేదు. వచ్చే యేడు పెట్టుకొమ్మనండి."

"వచ్చే యేటికి వయసు దాటిపోతది."

గుమాస్తా నాలుక చప్పరించాడు. "అయ్యో. జరీదాల ఏసినం, ప్రతి గ్రంథాలయానికి పోయింది. మీ ఊర్ల గ్రంథాలయం లేదా?"

"ఉన్నది."

"మరి గా లైబ్రేరియన్ ఏం జేసిండట?"

పర్శరాములు కళ్లు బల్లమీదికి దించాడు. "ఏమో" అన్నాడు.

"మీరేమైతరు ఆమెకు?"

"ఒక్క ఊరోళ్లం" అని లేచి వచ్చేశాడు. బస్సులో కిటికీ పక్కన కూచుని, ఆ 'ఏమో' అన్న మాటను ఊరు వచ్చేదాకా నోట్లో చేదులాగా మింగుతూనే ఉన్నాడు.

బేస్తవారం వచ్చింది. ఊరు ముస్తాబయింది. నాకా ముందు నీళ్లు చల్లారు, చంద్రవ్వ ముగ్గేసింది, నేతసంఘం పెద్ద సిద్దిరాములు చాపలు పంపాడు. హైదరాబాదు నుంచి మేడం వస్తోందంటే ఊరి పరువు కదా. పర్శరాములు జరీదాలు వరుసగా బల్లమీద పెట్టాడు. మంత్రసాని శిక్షణ ఉన్న కాగితం ఒక్కటి విడదీసి, మడిచి, కమీజు జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడంటే, అందరి ముందు చదవడం ఇష్టంలేక. తర్వాత ఒంటరిగా చెప్దామనుకున్నాడు. అసలు చెప్పకుండా ఉంటే ఎట్లుంటుంది అని కూడా అనుకున్నాడు. ఆయన అనుకున్నది దాచిపెట్టి ఆయనను పెద్దమనిషిని చేయడం నాకు ఇష్టం లేదు.

బస్సు దిగి సుభద్రాదేవి, మొండయ్య, మిగతా గ్రంథపాలకులు వచ్చారు. పర్శరాములు చదవడం మొదలుపెట్టాడు. చదవడం ఆయనకు వచ్చినపనే. మగ్గం గుంట పక్కన చదివినప్పటి గొంతు లేచింది. నూలు సంగతి చదువుతుంటే నేతగాళ్లు ముందుకు జరిగారు.

"గీ సంగతి ఎప్పటిసంది ఉన్నదే?" అన్నాడు సిద్దిరాములు.

"మొన్ననే వచ్చింది" అన్నాడు పర్శరాములు. అబద్ధాల్లో అది ఎన్నోదో ఆయనే మరిచిపోయాడు.

బావుల అప్పుల సంగతి చదివితే రైతులు రెండుసార్లు చదివించుకున్నారు. సుభద్రాదేవి ఆనందంతో కదిలిపోయింది. చదవడం అయ్యాక చాపలమీది జనాన్ని అడిగింది: "ప్రతి గురువారం ఇలాగే వింటారా మీరు?"

చాపలమీదివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఊరు ఊరంతా ఒకటే గొంతు. "ఇంటమమ్మా! సారు చదవంది మేము అంగడికే పోము!" ఊరి పరువు కోసం అంత ముచ్చటగా అబద్ధమాడిన జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. పర్శరాములుకు మాత్రం ఒక్కొక్క గొంతూ చెంపమీద పడ్డట్టే ఉంది.

అప్పుడు సుభద్రాదేవి చూపు వాకిలి దాటింది. మెట్టు కింద, గంప పక్కన పెట్టుకుని, మగ్దలేనమ్మ నిలబడి ఉంది.

"నువ్వు కూడా వస్తావామ్మా?"

"వస్తనమ్మా. ప్రతి బేస్తారం వస్త."

"ఏం వింటావు?"

"ఇనుడు గాదమ్మా, సారును అడుగుత. నర్సమ్మల ట్రైనింగు కాయితం కోసం చూస్తున్న. ఇంకా రాలేదట." ఆమె పర్శరాములు దిక్కు చూసి కొంచెం నవ్వింది. "వస్తె నాకు గాక ఇంకెవలికి చెప్తరమ్మా?"

ఆ మాట తనదే. తన మాటనే తనకు సాక్ష్యంగా తెచ్చి నిలబెట్టింది, అదీ నమ్మకంతో. ఊరంతా అబద్ధం చెప్పింది, ఈమె ఒక్కతే నిజం చెప్పింది, ఆ నిజం కూడా ఆయనను మెచ్చుకోవడానికే చెప్పింది. పర్శరాములు ఇంక ఓపలేకపోయాడు. జేబులోంచి కాగితం తీశాడు. మడత విప్పాడు. చదివాడు. మంత్రసాని శిక్షణ అన్న మాట దగ్గర మగ్దలేనమ్మ మెట్టు ఎక్కింది. ఆఖరు తేదీ దగ్గర ఆగిపోయింది.

"గా తారీఖు అయిపోయింది గద సారూ" అంది.

"అయిపోయింది బిడ్డా."

"ఎన్నడొచ్చింది గది?"

"నువ్వు బల్లమీద కట్ట చూపెట్టినవు సూడు. గా దినమే." అని, సుభద్రాదేవి దిక్కు తిరిగాడు. "నేను ఇప్పలే. ఎన్నడు ఇప్పలే. నాకు ఇంగ్లీషు రాదు, గండ్ల తెలుగున్నదని గూడ నాకు తెల్వదు. ఒక్క బేస్తారం గూడ నేను చదవలే అమ్మా. మీకు జూటా చెప్పిన. వీళ్లు నా కోసం జూటా చెప్పిండ్రు. మొన్న కచేరీకి పోయొచ్చిన, లాభం లేదన్నరు."

 మొండయ్య నేలచూపులు చూశాడు. మగ్దలేనమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఎక్కిన మెట్టు దిగింది. గంప నెత్తికెత్తుకుని, అంగడిలోకి కాకుండా నేరుగా ఇంటిదారి పట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని పర్శరాములు బతికినన్నాళ్లూ అనుకున్నాడు.

బస్సు ఎక్కేముందు సుభద్రాదేవి ఆయనను పక్కకు పిలిచింది. చీవాట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆవిడ అలసిపోయినట్టుంది.

"తప్పు నాది కూడా ఉందండీ. ఏం చేస్తున్నారని అడిగాను గానీ, మీలో ఇంగ్లీషు రానివాళ్లెవరు, తెరిచి చూడనివాళ్లెవరు అని అడగలేదు. ఇకముందు పాఠం అక్కణ్నుంచే మొదలుపెడతాను." బస్సులోకి కాలు పెడుతూ, "వచ్చే గురువారం చదవండి. ఎవరూ రాకపోయినా చదవండి" అంది.

చదివాడు. మూడో అల్మారా తాళం తీసేసి కోమటి దుకాణంలో ఇచ్చేశాడు. వచ్చిన జరీదా వచ్చినట్టే అంచులు కోసి, దారం కట్టి, వాకిట్లో అందరి చేతికందేట్టు వేలాడదీశాడు. వెనక పేజీల్లో ఏముందో ఎట్లా వెతకాలో నేతపిల్లలకు నేర్పాడు. జనం వచ్చారు, నూలు తెచ్చుకున్నారు, బావులు తవ్వుకున్నారు. ఊళ్లో ఆయన పేరు పెరిగింది. "అంత మందిల నిజం ఒప్పుకున్నడు, మనిషంటె గట్లుండాలె" అని బజార్లో చెప్పుకునేవాళ్లు. అది వినబడితే ఆయన సందు మార్చి పోయేవాడు. ఒక మనిషి బతుకు పోగొట్టి, దాన్ని ఒప్పుకున్నందుకు మెప్పు పొందడం ఎంత సిగ్గుచేటో ఆ మెచ్చుకునేవాళ్లకేం తెలుసు?

మగ్దలేనమ్మ మళ్లీ రాలేదు. అంగడికి వచ్చినా నాకా ముందునుంచి కాకుండా వెనక గల్లీలోంచి పోయేది. కాన్పులకు మునుపటిలాగే పిలిచినప్పుడు పోయేది, మునుపటిలాగే మాటలు పడేది. ఒకసారి పర్శరాములు ఆశీర్వాదం ఇంటిదాకా పోయి, వాకిట్లో నిలబడి, ఏం చెప్పాలో తోచక తిరిగి వచ్చేశాడు.

మరుసటి ఏడు వానాకాలంలో మంత్రసాని శిక్షణ ప్రకటన మళ్లీ వచ్చింది. పర్శరాములు ఆ పేజీ పైకి మడిచి పెట్టాడు, గుడి దగ్గరి ఇళ్లకు తానే పోయి చెప్పి వచ్చాడు. ఆ బేస్తవారం మెట్టు దగ్గర గంప దిగింది. మగ్దలేనమ్మ వెంట ఆమె పిన్ని కూతురు సత్తవ్వ ఉంది. సత్తవ్వ ఆ ఏడే ఎనిమిది పాసైంది.

పర్శరాములు కుర్చీలోంచి లేచాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట ఆయన నోట వచ్చింది. "లోపటికి రా బిడ్డా. ఇద్దరు రాండ్రి, కూసోండ్రి."

మగ్దలేనమ్మ తలెత్తి, ఆయన చేతిరాతతో ఉన్న బోర్డును ఒకసారి చూసింది. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది.

"గీ మాట గప్పుడే అంటె, గండ్ల తెలుగున్నదని నేనే సదివి చెప్దును గద సారూ."

పర్శరాములు మెట్టు దాకా వచ్చి, దారి వదిలి పక్కకు జరిగాడు. ఆమె మెట్టు ఎక్కి లోపలికి వచ్చి, ఆయన బల్ల దగ్గర కూచుని, జరీదా తన ముందుకు లాక్కుని సత్తవ్వకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. తడుముకోకుండా, గట్టిగా, ఆఖరు తేదీ దాకా చదివింది. ఆమె చదువుతున్నంతసేపూ ఆయన మెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు.